ఎంబీబీఎస్ సీటుకు ఆసుపత్రే కొలమానం

నీట్ కౌన్సెలింగ్ మొదలైందంటే తెలుగు రాష్ట్రాల్లో వేలాది కుటుంబాలకు కంటి మీద కునుకుండదు. ర్యాంకు రాని ఇంట్లో బాధ ఒక రకం, వచ్చిన ఇంట్లో తర్జనభర్జన మరో రకం. అఖిల భారత కోటాలో ఒక సీటు ఖరారవుతుంది. నాలుగు రోజులు తిరక్కుండానే రాష్ట్ర కన్వీనర్ కోటా జాబితాలో మరో కళాశాల ఎదురుగా పేరు కనిపిస్తుంది. ఒకటి ఊరికి దగ్గరగా ఈమధ్యే తెరిచిన ప్రభుత్వ కళాశాల. రెండోది రాష్ట్రానికి ఆ చివర ఉన్నా, అరవై డెబ్భై ఏళ్ల చరిత్ర ఉన్నది. ఇంకొకరికి ఒకవైపు ఎయిమ్స్, మరోవైపు ఉస్మానియా. వేరొకరికి నగర శివారులోని ప్రైవేటు కళాశాలలో కన్వీనర్ సీటు, జిల్లా కేంద్రంలోని కొత్త ప్రభుత్వ కళాశాలలో సీటు. చేరడానికి గడువు కొద్ది రోజులే. ఆ వ్యవధిలోనే పద్దెనిమిదేళ్ల పిల్లలు, ఆసుపత్రి లోపలి సంగతులు తెలియని తల్లిదండ్రులు కూర్చుని ఐదున్నరేళ్ల చదువును, ఆపై జీవితకాలపు వృత్తిని మలుపు తిప్పే నిర్ణయం తీసుకోవాలి.

ఇంత పెద్ద నిర్ణయానికి వారి చేతిలో ఉండే ఆధారాలు చాలా తక్కువ. నిరుటి కటాఫ్ ర్యాంకులు, బంధువుల్లో డాక్టరైన ఒకరి మాట, కోచింగ్ సెంటరు సలహా, కళాశాల వెబ్‌సైట్‌లో భవనాల ఫొటోలు. వైద్యవిద్య నాణ్యత వీటిలో ఏ ఒక్కదానితోనూ తేలదు. అనుబంధ ఆసుపత్రికి రోజూ ఎందరు రోగులు వస్తున్నారు, పడకలు ఎన్ని నిండుతున్నాయి, ప్రొఫెసర్ పోస్టులు ఎన్ని భర్తీ అయ్యాయి, హౌస్ సర్జన్ల చేత ఏ పనులు చేయిస్తున్నారు అన్నవే అసలు కొలమానాలు. రెండు సీట్ల మధ్య తేల్చుకోవాల్సి వచ్చినప్పుడు రోగులు, బోధకులు ఉన్న ఆసుపత్రినే ఎంచుకోవాలి. ఆ వివరాలను వెబ్ ఆప్షన్లు పెట్టకముందే కుటుంబాల ముందుంచడం ప్రభుత్వాల బాధ్యత.

పెరిగిన సీట్లు, పెరిగిన సందిగ్ధం

పాతికేళ్ల కిందట ఈ సమస్య ఇంత జటిలంగా లేదు. ప్రభుత్వ కళాశాలలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉండేవి. ఎందులో సీటు వచ్చినా కళ్లకద్దుకుని చేరిపోయేవారు. దేశంలో 2014 నాటికి 387 వైద్య కళాశాలలు, దాదాపు 51 వేల ఎంబీబీఎస్ సీట్లు ఉండగా, పదేళ్లు తిరిగేసరికి 780 కళాశాలలు, లక్షా 18 వేల సీట్లయ్యాయి. ఈ విస్తరణలో తెలుగు రాష్ట్రాలది పెద్ద వాటా. తెలంగాణలో 2022 నవంబరు 15న సంగారెడ్డి, మహబూబాబాద్, మంచిర్యాల, జగిత్యాల, వనపర్తి, కొత్తగూడెం, నాగర్‌కర్నూల్, రామగుండంలలో ఎనిమిది ప్రభుత్వ కళాశాలలు ఒకేరోజు మొదలయ్యాయి. మరుసటి ఏడాది మరో తొమ్మిది, 2024లో ఇంకో ఎనిమిది వచ్చి మొత్తం 34కు చేరాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలలలో 150 సీట్ల చొప్పున అయిదు కళాశాలలు తెరుచుకున్నాయి. మరుసటి ఏడాది పాడేరు వాటికి తోడైంది.

ఇది మంచి మార్పే. ఆసిఫాబాద్, భూపాలపల్లి, పాడేరు వంటి ఏజెన్సీ ప్రాంతాల రోగులకు స్పెషలిస్టు డాక్టరు దగ్గరికి రావడం చిన్న విషయం కాదు. ఒకప్పుడు అయిదారు ర్యాంకుల తేడాతో సీటు పోగొట్టుకుని మళ్లీ లాంగ్ టర్మ్ కోచింగ్‌లో చేరిన పిల్లల్లాంటివారు ఇవాళ తెల్లకోటు వేసుకుంటున్నారు. అయితే కళాశాల తెరవడం ఒక ఎత్తు, దాన్ని బోధనాసుపత్రిగా నిలబెట్టడం మరో ఎత్తు. కొత్త కళాశాలల్లో చాలావాటికి అంతవరకు వైద్య విధాన పరిషత్ కింద నడిచిన జిల్లా, ఏరియా ఆసుపత్రులే బోధనాసుపత్రులయ్యాయి. బోర్డు మారినంత వేగంగా విభాగాలు, ఆపరేషన్ థియేటర్లు, అధ్యాపకులు సమకూరవు. 2025లో జాతీయ వైద్య కమిషన్ (ఎన్‌ఎంసీ) తెలంగాణలోని ప్రభుత్వ కళాశాలల్లో అధిక భాగానికి అధ్యాపకుల కొరతపై నోటీసులిచ్చి, ఉన్నతాధికారులను వివరణ కోరడం ఇందుకు నిదర్శనం.

రోగి పక్కన నేర్చే చదువు

ఎంబీబీఎస్ అంటే యాభై నాలుగు నెలల చదువు, పన్నెండు నెలల ఇంటర్న్‌షిప్. మొదటి ఏడాది అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీలతో గడుస్తుంది. ఆ ఏడాది వరకు ఏ కళాశాలలో చేరినా తేడా అంతగా కనిపించదు. మంచి పుస్తకాలు, వీడియో పాఠాలు అందరికీ అందుబాటులో ఉన్నాయి. రెండో ఏడాది క్లినికల్ పోస్టింగులు మొదలయ్యాకే ఆసుపత్రి బలం, బలహీనత బయటపడతాయి.

మెడికల్ వార్డులో ఉదయం తొమ్మిదిన్నరకు జరిగే పాఠం తీరు చూస్తే విషయం అర్థమవుతుంది. ఒక పడక చుట్టూ పదిమంది విద్యార్థులు. వారిలో ఒకరు ముందురోజు సాయంత్రమే వచ్చి ఆ రోగితో మాట్లాడి, కేసు రాసుకుని ఉంటారు. రోగి తన బాధను పుస్తకంలో ఉన్నట్టు చెప్పడు. ‘గుండెల్లో దడగా ఉంటుంది సారూ’ అంటాడు, ‘కళ్లు బైర్లు కమ్ముతున్నాయి’ అంటాడు, ‘నాలుగడుగులు వేస్తే ఆయాసం ముంచుకొస్తోంది’ అంటాడు. ఎప్పటినుంచి, ఎన్ని మెట్లు ఎక్కితే, రాత్రి పడుకుంటే ఎన్ని దిండ్లు కావాలి అని ఒక్కొక్కటే అడిగి రాబట్టాలి. ఆపైన కాలి వాపును వేలితో నొక్కి చూడాలి, మెడలో నరం ఉబ్బును గమనించాలి, స్టెతస్కోపు పెట్టి గుండె చప్పుడులో తేడా వినాలి. తప్పు చెబితే ప్రొఫెసర్ అక్కడే సరిదిద్దుతారు. కవాటం చెడిన గుండె చప్పుడు ఒక్కసారి సొంత చెవితో వింటే ఆ పాఠం జన్మలో మరచిపోలేరు. ఈ అనుభవం దొరకాలంటే వార్డులో అలాంటి రోగి ఉండాలి, పక్కన నేర్పే గురువు ఉండాలి. రెండింటిలో ఏ ఒక్కటి లోపించినా విద్యార్థి ఆ పూట హాజరు వేయించుకుని గదికి వెళ్లి, పీజీ కోచింగ్ యాప్ తెరుస్తాడు.

అందుకే ఎన్‌ఎంసీ 2023 ప్రమాణాలు పడకలకు లెక్క కట్టాయి. వంద సీట్లకు 420, నూటయాభై సీట్లకు 605 పడకల ఆసుపత్రి ఉండాలి. పడకలు వేసి ఉంచితే చాలదు, 80 శాతం నిండాలి. కాగితం మీద ప్రతి కళాశాలా ఈ లెక్క చూపుతుంది. వాస్తవం వేరుగా ఉండొచ్చని 2025లో వెలుగుచూసిన సీబీఐ కేసు తెలిపింది. తనిఖీల సమాచారాన్ని ముందే పొక్కించడం, అద్దె అధ్యాపకులను చూపడం, నకిలీ రోగులతో పడకలు నింపడం వంటి అభియోగాలతో అధికారులపై, దేశవ్యాప్తంగా పలు ప్రైవేటు కళాశాలల ప్రతినిధులపై ఆ కేసు నమోదైంది. ప్రభుత్వ రంగమూ ఈ విషయంలో కడిగిన ముత్యమేమీ కాదు. తనిఖీల వేళ పాత కళాశాలల నుంచి డిప్యుటేషన్‌పై అధ్యాపకులను పంపి లెక్క సరిపెట్టిన ఉదంతాలు పత్రికల్లో తరచూ వస్తూనే ఉన్నాయి.

పాతదా, కొత్తదా?

పాత ప్రభుత్వ కళాశాలల అసలు ఆస్తి వాటి ఆసుపత్రులే. 1923లో మొదలైన విశాఖ ఆంధ్ర వైద్య కళాశాలకు కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) ఉంది. ఉత్తరాంధ్ర జిల్లాలతోపాటు ఒడిశా సరిహద్దు ప్రాంతాల నుంచీ రోగులు అక్కడికే వస్తారు. 1846లో హైదరాబాద్ మెడికల్ స్కూలుగా పుట్టిన ఉస్మానియా వైద్య కళాశాల విద్యార్థి ఒక్క ఉస్మానియా జనరల్ ఆసుపత్రిలోనే చదవడు. పిల్లల జబ్బులకు నీలోఫర్, కాన్పులకు పేట్లబురుజు, సుల్తాన్‌బజార్, కంటికి సరోజినీదేవి, చెవి-ముక్కు-గొంతుకు కోఠి, అంటురోగాలకు ఫీవర్ ఆసుపత్రి, మానసిక వ్యాధులకు ఎర్రగడ్డ అంటూ ఊరంతా తిరిగి నేర్చుకుంటాడు. గుంటూరు, కాకినాడ, కర్నూలు, వరంగల్, తిరుపతి ఆసుపత్రులు చుట్టుపక్కల నాలుగైదు జిల్లాలకు పెద్దదిక్కు. పాముకాటు, పురుగుమందు, సెరిబ్రల్ మలేరియా, గుర్రపువాతం, కాన్పు కష్టమై చివరి నిమిషంలో అంబులెన్సులో వచ్చిన గర్భిణి ఇక్కడ నిత్యం ఎదురయ్యే కేసులే. వీటిని చూస్తూ ఎదిగిన డాక్టరుకు రేపు ఏ మారుమూల ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కూర్చున్నా చేయి వణకదు.

పాత కళాశాలల లోపాలనూ చెప్పుకోవాలి. ఉస్మానియా, గాంధీ, కాకతీయ, ఆంధ్ర వైద్య కళాశాలల్లో ఒక్కో బ్యాచ్‌లో 250 మంది. ఒక్కో యూనిట్‌లో పడక చుట్టూ మూగిన గుంపులో వెనక నిలబడ్డ విద్యార్థికి రోగి ముఖమైనా కనబడదు. కుట్లు వేయడం, చిన్న ఆపరేషన్లలో సహాయం చేయడం వంటివి పీజీలకే పోతాయి. హౌస్ సర్జన్లకు రక్తనమూనాలు ల్యాబ్‌కు మోయడం, స్కానింగ్ గది ముందు వరసలో నిలబడటం మిగులుతాయి. హాస్టళ్లు శిథిలమైనచోట పిల్లలు బయట గదులు అద్దెకు తీసుకోక తప్పదు.

కొత్త కళాశాలలో 50, 100, 150 మందే ఉంటారు కనుక అధ్యాపకుడు ప్రతి విద్యార్థినీ పేరుపెట్టి పిలవగలడు. పీజీలు ఇంకా రానిచోట ఆసక్తి ఉన్న విద్యార్థి అసిస్టెంట్ ప్రొఫెసర్ పక్కన నిలబడి చాలా పనులు స్వయంగా చేసే వీలుంది. పీజీలు లేకపోవడం వల్ల నష్టమూ ఉంది. రాత్రి రెండు గంటలకు సందేహం వస్తే తీర్చే సీనియర్ ఉండడు. గుండె, మెదడు, మూత్రపిండాల సూపర్ స్పెషాలిటీ విభాగాలు చాలాచోట్ల లేనందున, క్లిష్టమైన కేసులను ప్రాథమిక చికిత్స చేసి పెద్దాసుపత్రికి పంపేస్తారు. చూసి నేర్చుకోవాల్సిన రోగి అంబులెన్సెక్కి వెళ్లిపోతాడు.

ఈ రెండింటినీ తూచితే నా తీర్పు ఇదీ. రెండూ ప్రభుత్వ కళాశాలలే అయి, ఫీజు దాదాపు సమానమైనప్పుడు, దూరమైనా పాత కళాశాలకే మొగ్గాలి. అక్కడి లోపాలను విద్యార్థి చొరవతో చాలావరకు అధిగమించవచ్చు. ముందు వరసలో నిలబడవచ్చు, సాయంత్రాలు వార్డుకు వెళ్లవచ్చు, డ్యూటీ పీజీని అడిగి పని నేర్చుకోవచ్చు. కొత్తచోట రోగులు, బోధకులు లేని లోటును ఏ చొరవా తీర్చలేదు. అధ్యాపకులు నిండుగా, జిల్లా ఆసుపత్రి కిటకిటలాడుతూ ఉన్న కొత్త కళాశాలలూ లేకపోలేదు. అలాంటిచోట ఇంటికి దగ్గరన్న సౌలభ్యం నిజమైన మేలవుతుంది. కనుక కళాశాల వయసును సూచికగా మాత్రమే తీసుకుని, ఆసుపత్రిని కళ్లారా చూసి నిర్ణయించుకోవాలి.

ఎయిమ్స్ పేరు, ఉస్మానియా అనుభవం

మంచి ర్యాంకర్లకు ఎదురయ్యే సందిగ్ధం మరొకటి. మంగళగిరి ఎయిమ్స్‌లో తొలి ఎంబీబీఎస్ బ్యాచ్ 2018లో యాభై మందితో, విజయవాడ సిద్ధార్థ వైద్య కళాశాల ప్రాంగణంలో మొదలైంది. బీబీనగర్ ఎయిమ్స్ 2019లో, అంతకుముందు నిమ్స్ కోసం కట్టిన భవనాల్లో తరగతులు ప్రారంభించింది. రెండింటికీ పేరులో ఢిల్లీ ఎయిమ్స్ ప్రతిష్ఠ ఉంది. ఢిల్లీ సంస్థ 1956 నుంచి ఎదిగి ఆ స్థాయికి చేరిందన్న సంగతి మరవకూడదు. పేరు ఒకటే అయినంత మాత్రాన అనుభవం ఒకటి కాదు.

ఇక్కడ నిర్ణయం విద్యార్థి లక్ష్యాన్ని బట్టి ఉండాలి. పరిశోధన మీద ఆసక్తి, చిన్న తరగతి, నామమాత్రపు ఫీజు, క్రమశిక్షణతో సాగే విద్యా క్యాలెండరు కావాలనుకుంటే ఎయిమ్స్ మేలు. తమ సంస్థలోనే పీజీ చేయాలనుకునేవారికి ఎయిమ్స్ వంటి సంస్థల పీజీ ప్రవేశ పరీక్ష ఐఎన్‌ఐ-సెట్‌లో సంస్థాగత ప్రాధాన్యమూ ఉంది. ఏ రోగి వచ్చినా తడబడని డాక్టరు కావాలనుకునేవారికి, ఎమర్జెన్సీ రద్దీని ఇష్టపడేవారికి ఉస్మానియా, గాంధీ, కేజీహెచ్, గుంటూరు వంటివి ఇప్పటికీ సాటిలేని పాఠశాలలు. కొత్త ఎయిమ్స్‌లు ఏటేటా ఎదుగుతున్నాయి కాబట్టి మూడేళ్ల కిందటి సీనియర్ మాట పట్టుకుని తేల్చేయడమూ తప్పే. కేంద్రం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకులనే ఏకైక ఆధారం చేసుకోవడమూ సరికాదు. ఆ లెక్కలో పరిశోధన పత్రాలకు పెద్ద వాటా ఉంటుంది. ఎంబీబీఎస్ విద్యార్థి స్వయంగా ఎన్ని కాన్పులు చూశాడన్నది అందులోకి రాదు.

ఫీజు లెక్క

కన్వీనర్ కోటాలో ప్రభుత్వ కళాశాల ఫీజు ఏడాదికి వేలల్లోనే ఉంటుంది. తెలంగాణ ప్రైవేటు కళాశాలల్లో కన్వీనర్ సీటుకు ట్యూషన్ ఫీజు 60 వేలు. ఈ రెండింటి మధ్య తేడా చాలా కుటుంబాలు భరించగలిగినదే. అయితే ప్రైవేటులో హాస్టల్, మెస్, బస్సు, పరీక్ష ఫీజులు, ‘ఇతర రుసుములు’ కలిపితే అసలు ఫీజును మించిపోతాయి. చేరకముందే ఆ మొత్తాన్ని రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి.

అసలు పరీక్ష బీ కేటగిరీ (యాజమాన్య కోటా) దగ్గర మొదలవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో తెరిచిన కొత్త ప్రభుత్వ కళాశాలల్లోనూ బీ కేటగిరీ సీటుకు ఏడాదికి 12 లక్షలు, ఎన్నారై సీటుకు 20 లక్షలు నిర్ణయించారు. ఏడాదికి 12 లక్షలంటే నాలుగున్నరేళ్లకే యాభై లక్షలు దాటుతుంది. యాభై లక్షలు పది శాతం వడ్డీకి పదేళ్లలో తీర్చాలంటే నెలకు 66 వేల రూపాయల కిస్తీ. కొత్తగా పట్టా పుచ్చుకున్న డాక్టరు ఒప్పంద కొలువులో సంపాదించేదంతా దానికే పోతుంది. ఏడున్నర లక్షలు దాటిన రుణానికి బ్యాంకులు సాధారణంగా తాకట్టు అడుగుతాయి. అంటే పొలమో, ఇల్లో బ్యాంకు చేతికి వెళుతుంది. ఎంబీబీఎస్‌తో చదువు ఆగదు, పీజీ ఖర్చు ముందుంది. ఉన్న ఒక్క ఇంటిని కుదువ పెట్టి యాజమాన్య కోటాలో చేరడం కంటే, ఎంత దూరమైనా, ఎంత కొత్తదైనా కన్వీనర్ కోటాలో వచ్చిన ప్రభుత్వ సీటులో చేరడమే వివేకం. అప్పు భారం మోస్తూ వృత్తిలోకి దిగిన యువ డాక్టరు మీద తొలిరోజు నుంచే సంపాదించాలన్న ఒత్తిడి ఉంటుంది. దాని ఫలితాన్ని అంతిమంగా రోగులే భరిస్తారు.

ఇంటర్న్‌షిప్ స్టయిపెండ్ సంగతీ అడగాలి. ప్రభుత్వ కళాశాలల్లో హౌస్ సర్జన్‌కు నెలనెలా నిర్ణీత స్టయిపెండ్ ఉంది. కొన్ని ప్రైవేటు కళాశాలలు ఇవ్వకపోవడం, ఇచ్చినట్టే ఇచ్చి వెనక్కు తీసుకోవడం మీద ఫిర్యాదులు పెరగడంతో, ఫీజులను, స్టయిపెండ్‌ను వెబ్‌సైట్‌లో వెల్లడించాలని ఎన్‌ఎంసీ 2025 జులైలో అన్ని కళాశాలలనూ ఆదేశించింది. ఆ వివరాలు పెట్టని కళాశాల విషయంలో జాగ్రత్తపడటం మంచిది.

రాష్ట్రం దాటితే

అఖిల భారత కోటాలో పొరుగు రాష్ట్రంలో పెద్ద కళాశాల వస్తే ఆశ సహజం. మూడు విషయాలు చూసుకోవాలి. మొదటిది సర్వీసు బాండు. మహారాష్ట్ర ప్రభుత్వ కళాశాలల్లో చదివినవారు ఏడాది ప్రభుత్వ సేవ చేయాలి, లేదా పది లక్షలు చెల్లించాలి. ఇతర రాష్ట్రాల్లో ఈ గడువూ మొత్తమూ వేర్వేరుగా ఉన్నాయి. రెండోది భాష. రోగి చెప్పేది అర్థం కాకపోతే తొలి రెండేళ్ల క్లినికల్ పాఠాలు సగమే ఒంటబడతాయి. పట్టుదల ఉన్న విద్యార్థి భాష నేర్చుకోగలడు, కానీ అందుకు సిద్ధమై వెళ్లాలి. మూడోది పీజీ. నివాసం ఆధారంగా పీజీ సీట్లలో రిజర్వేషన్ చెల్లదని, సంస్థాగత ప్రాధాన్యం మాత్రం ఉండవచ్చని సుప్రీంకోర్టు 2025 జనవరి 29న తీర్పిచ్చింది. తెలుగు రాష్ట్రాల్లో 371-డి అధికరణం, రాష్ట్రపతి ఉత్తర్వుల నేపథ్యంలో స్థానికత నిబంధనలపై వివాదాలు కోర్టుల్లో సాగుతూనే ఉన్నాయి. ఎంబీబీఎస్ ఎక్కడ చదివారన్నది రేపటి పీజీ రాష్ట్ర కోటా అర్హతను ప్రభావితం చేస్తుంది. అందుకే తాజా నిబంధన ఏమిటో ఆరోగ్య విశ్వవిద్యాలయం నోటిఫికేషన్‌లోనే చదివి తెలుసుకోవాలి.

నిబంధనలు తెలియక చేజారిన సీట్లూ ఉన్నాయి. అఖిల భారత కోటాకు మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ (ఎంసీసీ) నిర్వహించే కౌన్సెలింగ్‌లో తొలి రౌండు సీటును ఇబ్బంది లేకుండా వదులుకోవచ్చు. రెండో రౌండులో వదిలితే డిపాజిట్ పోతుంది. మూడో రౌండులో చేరాక రాజీనామాకు తావుండదు. అప్‌గ్రేడ్‌కు అంగీకరించి, తర్వాతి రౌండులో పై ఆప్షన్ వస్తే పాత సీటు దానంతటదే రద్దవుతుంది. కనుక చేరడానికి ఇష్టపడని కళాశాలను ఆప్షన్లలో పైన పెట్టకూడదు. రాజీనామా చేసేవారు కళాశాలలో మాటగా చెప్పి రాకుండా, ఎంసీసీ పోర్టల్ ద్వారా వచ్చే రాజీనామా పత్రం తీసుకోవాలి. అది లేకపోతే సీటు వదిలినట్టు లెక్క కాదు. రాష్ట్ర కౌన్సెలింగ్‌లో పేరున్నా అనర్హులయ్యే ప్రమాదం ఉంది.

ఒక్క రోజు వెళ్లి చూడండి

గడువు ఎంత తక్కువున్నా, రెండు ఆసుపత్రులకూ ఒక్కో పూట వెళ్లి రావడం సాధ్యమే. కళాశాల భవనం వైపు వెళ్లనక్కర్లేదు. ఉదయం తొమ్మిది గంటలకు ఓపీ చీటీల కౌంటరు దగ్గర నిలబడాలి. వరసలు ఎంత దూరం ఉన్నాయో, ఏ ఏ విభాగాల ముందు రోగులు కూర్చున్నారో కనిపిస్తుంది. పది గంటలకు మెడికల్, సర్జికల్, ప్రసూతి వార్డుల్లోకి నడవాలి. నిండిన పడకలను కళ్లతోనే లెక్కపెట్టవచ్చు. రౌండ్స్‌లో పెద్ద డాక్టరు ఉన్నారా, విద్యార్థులు చుట్టూ ఉన్నారా, ఎవరైనా వివరించి చెబుతున్నారా చూడాలి. సాయంత్రం ఏడు దాటాక క్యాజువాల్టీ దగ్గర కొద్దిసేపు గడిపితే ఆసుపత్రి అసలు స్థితి అర్థమవుతుంది.

హౌస్ సర్జన్ ఎవరైనా టీ కొట్టు దగ్గర కనిపిస్తే మర్యాదగా పలకరించి, ‘బాబూ, నిన్న రాత్రి డ్యూటీలో మీరు స్వయంగా ఏమేం చేశారు?’ అని అడగాలి. ‘రెండు కాన్పుల్లో చేయి సాయం చేశాను, ముగ్గురికి కుట్లు వేశాను, ఒకరికి ట్యూబు వేశాను’ అన్న జవాబు వస్తే అది మంచి కళాశాల. ‘రిపోర్టులు మోశాను’ అనో, ‘పెద్దగా పనుండదు అంకుల్, చదువుకుంటూ కూర్చుంటాం’ అనో వస్తే ఆలోచించుకోవాలి. ఆడపిల్లల తల్లిదండ్రులు రాత్రి డ్యూటీ గది ఎక్కడుందో, లోపల గడియ ఉందో లేదో, వార్డు నుంచి హాస్టల్‌కు దారిలో వెలుతురుందో లేదో తప్పక చూడాలి. 2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్‌జీ కర్ ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న వైద్యురాలిపై జరిగిన ఘోరం తర్వాత ఈ ప్రశ్నలు అడగడానికి ఎవరూ మొహమాటపడనక్కర్లేదు.

ప్రభుత్వాలు చేయాల్సింది

ఇంత శ్రమ ప్రతి కుటుంబమూ పడగలదా? ఉట్నూరులోనో, రంపచోడవరంలోనో కూలి పని చేసుకునే తండ్రి పని మానుకుని, రెండు ఊళ్లు తిరిగి ఆసుపత్రులు పోల్చలేడు. డాక్టర్ల ఇళ్లలో పుట్టిన పిల్లలకు ఈ సమాచారం భోజనాల బల్ల దగ్గరే అందుతుంది. మొదటి తరం విద్యార్థికి అందదు. సమాన ర్యాంకు తెచ్చుకున్న ఇద్దరిలో ఒకరు తెలిసి ఎంచుకోవడం, మరొకరు చీకట్లో చేయి పెట్టడం అన్యాయం.

దీనికి పరిష్కారం కష్టమైనది కాదు. ఓపీ, ఐపీ, ఆపరేషన్లు, కాన్పుల లెక్కలు ప్రతి బోధనాసుపత్రిలో రోజూ నమోదవుతున్నాయి. అధ్యాపకుల హాజరు ఎన్‌ఎంసీ వద్ద ముఖ గుర్తింపుతో నమోదవుతోంది. పోస్టుల భర్తీ వివరాలు వైద్య విద్యా సంచాలకుల కార్యాలయంలో ఉన్నాయి. విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం, వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం వీటిని కలిపి, కళాశాలకు ఒక్క పేజీ చొప్పున తెలుగులో, వెబ్ ఆప్షన్ల గడువుకు నెల ముందు విడుదల చేయాలి. ఫీజులు, స్టయిపెండ్, హాస్టల్ గదుల సంఖ్య, చివరి ఏడాది ఉత్తీర్ణత అందులోనే ఉండాలి. ప్రైవేటు కళాశాలలకూ ఇదే వర్తించాలి. తప్పుడు లెక్క ఇచ్చినవారి సీట్లలో కోత వేయాలి. ఇలా వెల్లడించక తప్పదని తెలిస్తే ఖాళీ పోస్టులను ఏళ్ల తరబడి నింపకుండా ఉంచడం ఏ ప్రభుత్వానికీ సులువు కాదు.

కళాశాలలు తెరిచిన ఘనతను ఏ పార్టీ అయినా చెప్పుకోవచ్చు. వాటిలో చదివినవారు సమర్థులైన డాక్టర్లుగా బయటకు వచ్చినప్పుడే ఆ ఘనత నిలుస్తుంది. తల్లిదండ్రులకు, విద్యార్థులకు ఒక్క మనవి. రెండు సీట్లు ఎదురుగా ఉన్నప్పుడు ఇంటికి దూరాన్ని, భవనాల అందాన్ని, ఇరుగుపొరుగు మాటను కాసేపు పక్కన పెట్టండి. నలుగురు రోగులు ఎక్కువగా వచ్చే, నలుగురు గురువులు నిజంగా ఉండే ఆసుపత్రి ఏదో తెలుసుకోండి. అప్పుల్లో మునగకుండా అక్కడ చదవగలిగితే అదే మీ కళాశాల.